గుసగుసల బడి

మొదట్లో గోడకు ఒక అట్ట కట్టినాను.
స్కెచ్ పెన్నుతో గళ్లు గీసి
ఎనిమిదికి పాటలు, తొమ్మిదికి రంగులు,
పదికి అంకెలు, పదిన్నరకు పాలు.
మూడో రోజుకే మా సుంకులు
తొమ్మిది గంటలను చించి నోట్లో పెట్టుకునింది.
వేలు పెట్టి తీస్తే
రంగులు నానిపోయి వచ్చినాయి.

గుంతకల్లు, రైల్వే క్వార్టర్సు.
మా ఇంటాయన హుసేనప్ప గూడ్సు బండికి గార్డు.
ఈ ఇంట్లో పొద్దు ఎప్పుడు పొడవాలో
చెప్పేది సూర్యుడు కాదు,
డ్యూటీకి రమ్మనే ఫోను.
రాత్రంతా బండి మీదుండి వచ్చి
కిటికీకి దుప్పటి కట్టి ఆయన పడుకుంటే
పగలు పదకొండు మాకు అర్ధరాత్రి.
అప్పుడు బడి వంటింట్లో,
గుసగుసల్లో.
'అ' అంటే అరవకూడని అక్షరం.
'ఆ' అంటే నోరంతా తెరవాల, శబ్దం రాకూడదు.
రెండున్నరేళ్ల పిల్ల
పెదాలు ముందుకు చాపి గాలి వదుల్తాది.
ఆ గాలి నా చెంపకు తగిలితే
వచ్చిందని రాసుకుంటాను.

కొళాయి రోజు మార్చి రోజు.
నీళ్లొచ్చిన రోజు లెక్కలు.
ఒక బిందె, రెండు, మూడు,
మూడు తర్వాత మళ్లీ మూడు,
ఆ తర్వాత ఏడు,
ఆ తర్వాత తడిసిన గౌను.
నాలుగు యాడికి పోయిందే అంటే
బిందెలోకి వంగి చూస్తాది.
నేనూ చూస్తాను.
ఉన్నా ఉండొచ్చు.

నీళ్లు రాని రోజు చెనిక్కాయలు ఒలుస్తాం.
ఒక కాయలో రెండు, ఒక కాయలో మూడు,
ఒక దాంట్లో ఏమీ లేదు.
సున్నా చెప్పడానికి నాకు
అంతకంటే మంచి పుస్తకం దొరకలేదు.
ఆ ఉత్త కాయనే పిడికిట్లో పెట్టుకోని
నిద్రపోయింది ఆ పొద్దు.

పక్కింటి మార్తమ్మ టీచరు అనింది:
"మా బళ్లో వెయ్యి పాపా,
కూర్చోవడమన్నా అలవాటైతాది."
కూర్చునే పని వాళ్ల నాయనది అక్కా,
అదీ కదిలే బండిలో అన్నాను.
ఆమె నవ్వలేదు.
సాయంత్రం పలకా, గుప్పెడు విరిగిన సుద్దముక్కలూ
గడప మీద పెట్టిపోయింది.
పలకను మూలకు తోసి
నల్ల బండల నేల మీద
వంటింటి నుంచి వీధి వాకిలి దాకా
ఒకే గీత గీసింది నా కూతురు,
మంచం కింద దూరి, చెప్పుల మీదెక్కి,
అదేమిటని నేను అడగలేదు.

ఏ పాఠమూ జరగని రోజులున్నాయి.
నాకు జొరమొచ్చిన రోజు
సెల్లు దాని చేతికిచ్చి గోడకు తిరిగి పడుకున్నాను.
అదీ రాసుకున్నాను, అదే పుస్తకంలో.

రంగుల సంగతే తేలలేదు.
ఎండుమిరపకాయ ఎర్ర,
మజ్జిగ ఎర్ర,
కాకి ఎర్ర,
మార్తమ్మ టీచరు ఎర్ర.

నిన్న రాత్రి ఒకటీ నలభైకి ఫోను మోగింది.
ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు,
టార్చి, విజిలు, జెండాలు.
పిల్ల లేచి వచ్చి
పచ్చ జెండా లాగి నేల మీద పరిచి
దాని మీద చతికిలబడింది.
"ఇది ఏం రంగు తల్లీ?" అన్నాడు,
బూటు తాడు కట్టుకుంటా.
"ఎర్ర!"
గుసగుసగా కాదు,
కాలనీ అంతా లేచేటట్టు.
నేను దిద్దుతానని నా పక్క చూసినాడు.
నేను దిద్దలేదు.
ఎర్ర అంటే బండి ఆగాలని
ఆయనే ఎప్పుడో చెప్పినాడు దానికి.

ఆరు నిమిషాలు ఆలస్యంగా గడప దాటినాడు.
రెండు గంటలకు మాకు తెల్లారింది.
బొరుగుల డబ్బా మూత తీసి
జెండా లేని నేల మీద కూర్చున్నాం.
ఒకటి, రెండు, మూడు,
ఏడు.